తుపాకి సంచిలో కవ్వం

ఆ రోజుల్లో మా అత్తగారి ఊళ్ళో ఇంట్లో తుపాకి ఉండటమంటే గొడుగు ఉండటంలాంటిదే. వాడినవాడు దాన్ని గోడకు తగిలించి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. పెట్టెలో పెట్టాలని, తాళం వెయ్యాలని, తూటాలు వేరేచోట దాచాలని ఎవరికీ తోచేది కాదు. ఉప్పుకు మూత పెట్టేవాళ్ళు, పాలకు మూత పెట్టేవాళ్ళు, పిల్లి దూరుతుందని పెరుగును ఉట్టి మీద పెట్టేవాళ్ళు, తుపాకికి మాత్రం ఒక మేకు చాలనుకునేవాళ్ళు. (ఎవరినో తప్పుపట్టాలని ఈ మాట రాయడం లేదు. తప్పుల విషయానికొస్తే నా వంతు ఎంతో ఇప్పుడే చెప్పబోతున్నాను.)

నేను నంద్యాలలో పుట్టి పెరిగినదాన్ని. బడికి పంపలేదు గానీ, మా నాయన రోజూ పూజయ్యాక పలక ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఈ నాలుగు అక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే, ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను. పదహారో ఏట ఆళ్లగడ్డకు రెండు కోసుల దూరంలోని పల్లెకు కోడలిగా వచ్చాను. నడింట్లో దేవుడి గూడు ఉండేది. దానికి మూరెడు పక్కన, మేకుకు, ఖాకీ గుడ్డ సంచిలో మా మామ రెండు గొట్టాల తుపాకి. జొన్న చేనికి అడవిపందులు పడకుండా సర్కారు లైసెన్సు ఇచ్చిన తుపాకి. పొద్దున్నే దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే నాకు స్వామి రూపం కనబడేది కాదు, ఆ సంచి మూతి కనబడేది. అది నా ఎడమ చెవి వైపే చూస్తున్నట్టుండేది. "అత్తా, దాన్ని ఇంకెక్కడన్నా పెడదామా" అని ఒకసారి అడిగాను. "అదేం నిన్ను కరుస్తాదా? దాని పాటికి అదుంది, నీ పాటికి నువ్వుండు" అంది అత్త. ఇక మామతో చెప్పే వీలే లేదు. కోడలు మామ ఎదుట నిలబడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఆయనకు నీళ్ళు కావాలంటే "ఇంట్లో ఎవరన్నా ఉండారా" అని గాలిని అడిగేవాడు. నేను చెంబు గడప మీద పెట్టి మాయమయ్యేదాన్ని. పెళ్ళయి ఏడాదైనా ఆయన ముఖం నాకు సరిగ్గా తెలియదు. కాళ్ళు మాత్రం బాగా తెలుసు.

కోతలై, పందుల కాపలా అయిపోయి, అందరూ కళ్ళానికి పోయిన ఒక పొద్దు ధైర్యం చేశాను. స్వామి పేరు ఆపకుండా పలుకుతూ సంచిలోంచి తుపాకి తీసి, పాత చీరలో చుట్టి, కొట్టుగది మూలలో చుట్టగా నిలబెట్టిన కొత్త జంపఖానా మధ్యలోకి దూర్చాను. పెళ్ళి పందిట్లో తప్ప విప్పని పెద్ద జంపఖానా అది. అంతకంటే భద్రమైన చోటు మా ఇంట్లో లేదనుకున్నాను. ఖాళీ సంచి వేలాడితే మామ కనిపెడతాడు కదా, అందుకని పాత చల్లకవ్వం ఒకటి అందులో పెట్టి మేకుకు తగిలించాను. పొడవు కాస్త తగ్గింది గానీ దూరం నుంచి ఎవరూ పోల్చుకోలేరు. మరునాడు దీపం ముందు కళ్ళు మూసుకుంటే స్వామి తప్ప ఇంకేమీ కనబడలేదు. నా అంత తెలివైనది ఆ చుట్టుపక్కల లేదనుకున్నాను.

అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి, పల్లకిలో ఊరూరూ తిరిగి, తన పెళ్ళికి జనాన్ని పిలవడం మా వైపు వాడుక. ఆ ఏడు స్వామి మా ఊరికి వచ్చినప్పుడు నేను బయటచేరి పెరట్లో దూరంగా కూర్చున్నాను. మేళం వినబడింది, పల్లకి కనబడలేదు. నాలుగో రోజు తలకు పోసుకుని కొట్టుగదిలోకి పోతే మూల ఖాళీగా ఉంది.

"జంపఖానా యాడికి పోయిందత్తా?"

"స్వామికిచ్చినా. నా కొడుక్కు జరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్న్యా గదా. ఇద్దరు బోయీలు ఎత్తి బండికేసినారు. ఏం బరువమ్మా ఇది అంటే, కొత్త నేత గదా నాయనా, అట్లనే ఉంటాది అన్న్యా."

పారువేట అంటే వేట. వేటకు పోయే స్వామికి తుపాకి ఇచ్చి పంపిన భక్తురాలు నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాను. అత్తకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ ఉప్పు ఎక్కడుందని అడిగాను. ఆ సాయంత్రమే కోయిలకుంట్ల నుంచి ఆడబిడ్డకు నొప్పులని కబురొచ్చింది. అత్తను తీసుకుని మా ఆయన బండి కట్టుకుని పోయాడు. ఇంట్లో మిగిలింది నేనూ, నేను మాట్లాడకూడని మామా. మొదటి రోజు స్వామికి ఒక టెంకాయ మొక్కుకున్నాను. రెండో రోజు పదకొండు. మూడో రోజు బతికినన్నాళ్ళూ శనివారం ఒంటిపూట. నేను మొక్కులు పెంచే కొద్దీ స్వామి పల్లకిలో ఇంకో ఊరు ముందుకు పోతూనే ఉన్నాడు.

నాలుగో రోజు పొద్దున తలారి వీధిలో చెప్పుకుంటూ వచ్చాడు. ఓట్లు ముగిసే దాకా లైసెన్సు తుపాకులన్నీ ఆళ్లగడ్డ పోలీసు స్టేషనులో అప్పగించాలి, రేపు పొద్దు గూకే లోపల. ఇవ్వకపోతే లైసెన్సు రద్దు, మనిషి లోపల. మామ లేచి మేకు మీంచి సంచి దించాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ముడి విప్పి, చెయ్యి పెట్టి, కవ్వం బయటికి తీశాడు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత జరిగింది నేను కలలో కూడా ఊహించనిది. ఎదురింటి దాయాదికీ మా మామకూ గట్టు తగాదా, ఆరేళ్ళుగా మాటల్లేవు. తుపాకి ఉండాల్సిన సంచిలో కవ్వం ఉంటే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం. నీకు తుపాకి ఎందుకు, ఇంట్లో కూర్చుని చల్ల చిలుక్కో అని. చూస్తుండగానే అరుగు మీద నలుగురు చేరారు, కర్రలతో.

"ఎవురి పనిరా ఇది?" అన్నాడు మామ.

"అడగల్నా అన్నా? ఎదురుగానే ఉంది ఇల్లు. నువ్వు ఊ అను, సాలు."

"రేపు ఆ తుపాకితో యాడన్నా ఒక పీనుగు లేస్తే నా పేరే రాస్తారు. అదట్లుండనీ. కవ్వం పెడతాడా నాకు? పాండి."

ఆయన చెప్పుల్లో కాలు పెట్టడం తలుపు సందులోంచి కనబడింది. నా వల్ల ఎవరి తల పగులుతుందో, ఎవరి ఇంట్లో దీపం ఆరుతుందో అనిపించింది. ముసుగు లాక్కుని నడింటి స్తంభం దగ్గరికి వచ్చి, దానికి ముఖం ఆనించి, దానితోనే మాట్లాడాను. (స్వామి స్తంభంలోంచి వచ్చినవాడు కదా, ఆ పూట నా మొర వింటాడనుకున్నాను.)

"తుపాకి ఎవరూ ఎత్తుకపోలేదంట. కోడలే తీసిందంట."

చెప్పుల చప్పుడు ఆగింది. మామ అడిగాడు, ఆయన కూడా స్తంభాన్నే. "ఎవరు చెప్పినారంట?"

"కోడలే చెప్పిందంట."

"కవ్వం గూడానా?"

"కవ్వం గూడా కోడలే పెట్టిందంట."

కర్రల వాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. మామ అటు చూసినట్టున్నాడు, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇప్పుడు తుపాకి యాడుందంట?"

"స్వామి కాడుందంట."

జంపఖానా సంగతి కూడా స్తంభానికే చెప్పాక, పొరుగువాళ్ళ బండి కట్టి అప్పుడే బయలుదేరాం. జంపఖానాను పోల్చేదాన్ని నేనే గనుక నన్నూ ఎక్కించాడు. ఆయన ముందు, నేను వెనక, ఆ వీపు చూస్తూ కూర్చున్నాను. మొదటి ఊళ్ళో స్వామి నిన్ననే పోయినాడన్నారు. రెండో ఊళ్ళో ఈ పొద్దే పోయినాడన్నారు. ఆ ఊరు దాటాక మామ ఎద్దులతో అన్నాడు, "అంత భయమైతే చెప్పచ్చు గదా."

"చెప్పకూడదంట గదా" అన్నాను, నేనూ ఎద్దులకే.  చాలా దూరం ఆయన ఎద్దులను అదిలించడం మరిచిపోయాడు.

మూడో ఊళ్ళో పల్లకి దించి ఉంది. పక్కన చావిడి నీడలో బోయీల్లో పెద్దాయన ఒకడు మా జంపఖానా చుట్ట మీదే తల పెట్టుకుని పడుకున్నాడు. పెద్ద ఊరు వస్తే పరుద్దామని ఇంకా విప్పలేదట. సంగతి చెబితే లేచి మెడ రుద్దుకున్నాడు.

"సూసుకో తల్లీ. ఇచ్చిన కాడ్నుంచి దీని మీదే పడుకుంటాండా. లోపల వాసం పెట్టి నేసినారా ఏందీ? మెడ ఈ పక్కకు తిరగదు."

విప్పాం. పాత చీర, దానిలో తుపాకి. నేను పల్లకికి సాష్టాంగపడి లేచేసరికి మామ తుపాకిని నడుము దగ్గర మడిచి, గొట్టాలు తెరిచి చూస్తున్నాడు. చూసి నేల మీద కూర్చుండిపోయాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. ఆఖరుసారి పందుల కాపలా నుంచి వచ్చి, తియ్యడం మరిచి, అట్లాగే తగిలించాడట. నేను తీసే దాకా అది దీపానికి మూరెడు దూరంలో అట్లాగే వేలాడింది. నేను దాన్ని గుండెలకు అదుముకుని కొట్టుగదికి మోశాను. ఆ పెద్దాయన దాని మీద నిద్రపోయాడు.  మామ తూటాలు తీసి పై గుడ్డలో కట్టుకుని, తల ఎత్తి, స్తంభాన్నో ఎద్దులనో కాకుండా నన్ను చూశాడు.

"తప్పు నాదమ్మా" అన్నాడు.

అప్పుడే ఆయన ముఖం మొదటిసారి చూశాను. కళ్ళు అచ్చం మా ఆయనవే.

జంపఖానా స్వామికే వదిలి, మరునాడు తుపాకి అప్పగించాం. "దీనికి నూలు పోగులు అంటుకున్నాయేందప్పా?" అని స్టేషనులో అడిగితే, "ఊర్లు తిరిగొచ్చింది" అన్నాడట మామ. ఓట్లయ్యాక అది తిరిగొచ్చేసరికి టేకు పెట్టె సిద్ధంగా ఉంది. తూటాలకు వేరే గదిలో వేరే పెట్టె. తుపాకి తాళంచెవి ఆయన మొలతాడుకు, తూటాల తాళంచెవి నా దగ్గర. "కోడలితో ఎదురుబొదురు మాటలేందన్నా" అని ఊళ్ళో నలుగురూ ఆక్షేపించారు. ఆయన మానలేదు. బతికినంత కాలం నన్ను పేరు పెట్టి పిలిచి, నీళ్ళు కావాలంటే నన్నే అడిగాడు. ఆ పెద్దమనసుకు నేనెంత రుణపడ్డానో స్వామికే తెలుసు.

ఇప్పుడు నేనే అత్తను. మా కోడలు తలుపు వెనక దాక్కోదు. "అత్తా, నువ్వు చెప్పింది నాకు నచ్చలా" అని ముఖం మీదే అంటుంది. ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. అట్లాంటప్పుడు లోపలికి పోయి, ఆ మాట దానిచేత అనిపించినందుకు స్వామికి ఒక దండం పెట్టుకుని, బయటికి వచ్చి, "సరే, నీకెట్లా కావాల్నో చెప్పు" అంటాను.