పచ్చ లైటు చీటీ

2021, శ్రావణ మాసం. గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేరు వైపు మట్టి రోడ్డులో వెళ్తే భాస్కరరావు గారి రొయ్యల చెరువులు వస్తాయి. మొత్తం పన్నెండు. నాది తాడేపల్లిగూడెం. ఆఫీసులకూ కాలేజీలకూ మిల్లులకూ కంప్యూటర్ నెట్‌వర్కులు వేయడం నా వృత్తి. ఆ చెరువు గట్ల మీద నెట్‌వర్కు వేసింది కూడా నేనే. వేసిన మూడేళ్లకు దాన్ని సరిచేయమని మళ్లీ నన్నే పిలిచారు.

రొయ్యకు నీళ్లలో గాలి చాలాలి. అందుకే నీటిని చిలికే చక్రాల యంత్రాలు పెడతారు. వాటినే ఏరియేటర్లంటారు. ప్రతి చెరువులో ఆక్సిజన్ ఎంతుందో సెన్సార్ చెబుతుంది, కంట్రోల్ రూములోని కంప్యూటర్ దాన్ని బట్టి ఏరియేటర్లను నడుపుతుంది. కూలీలు నీళ్లలో దిగుతారు కనుక ఒక కట్టుబాటు పెట్టాం. కంప్యూటర్ నుంచి నిమిషం పాటు కబురు రాకపోతే ఏరియేటర్ దానంతట అదే ఆగిపోవాలి. మనుషులకు అది మంచిదే, రొయ్యలకు మాత్రం కాదు.

కిందటి పంటలో ఒక మబ్బు రోజున ఏరియేటర్లు ఆగి నాలుగు చెరువులు పోయాయి. తెల్లగా తేలిన రొయ్యను భాస్కరరావు గారు దగ్గరుండి గుంటలో పూడ్పించారు. "ఈసారి కూడా అలాగే అయితే చెరువులు వదిలేస్తానండీ. మళ్లీ ఆ వాసన భరించే ఓపిక నాకు లేదు" అన్నారు నాతో. రొయ్య పట్టుబడికి ఇంకా పదిహేను రోజులుంది.

తప్పు ఎక్కడుందో తేలిగ్గానే తెలిసింది. గట్ల మీద స్విచ్‌లను, అంటే నెట్‌వర్కు వైర్లు కలిసే పెట్టెలను, ఒక వలయంగా కలిపాను. ఒకవైపు వైరు తెగినా రెండోవైపు నుంచి కబురు వెళ్తుంది. కానీ వలయం పూర్తిగా తెరిచి ఉంటే ఒకే కబురు ఆగకుండా తిరిగి తిరిగి మొత్తం మూసుకుపోతుంది. అందుకని స్విచ్‌లు తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుని, దాన్ని బట్టి ఒక వైరును మూసి ఉంచుతాయి. ఈ పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ, ఆ పెద్ద పేరు రూట్. ఎవరు పెద్దో మనం చెప్పకపోతే సాధారణంగా అన్నిటికంటే పాతదే ఆ కుర్చీ ఎక్కుతుంది. ఇక్కడ పంపు షెడ్డులోని పాత స్విచ్ ఎక్కింది. వోల్టేజి పడినప్పుడల్లా అది ఆగి లేచేది. అది లేచినప్పుడల్లా మిగతావన్నీ మళ్లీ ఎన్నికలు మొదలుపెట్టేవి. వరసగా రెండు మూడుసార్లు అలా అయితే నిమిషం దాటిపోయి ఏరియేటర్లు ఆగేవి.

రూట్‌ను కంట్రోల్ రూములోని కొత్త స్విచ్‌కు మార్చాలి. ఒక్క కమాండ్ చాలు. మారేటప్పుడు ముప్ఫై, నలభై సెకన్లు కబుర్లు ఆగుతాయి. నిమిషం దాటకూడదు.

"అన్ని ఏరియేటర్లూ హ్యాండ్‌లో పెట్టించమంటారా మూర్తి గారూ?" అని అడిగారు భాస్కరరావు గారు. హ్యాండ్‌లో పెడితే కంప్యూటర్‌తో పని లేకుండా నడుస్తాయి.

"అక్కర్లేదండీ, అర నిమిషం పని" అన్నాను. ఇన్నేళ్ల అనుభవం కదా, నోరు అలా తిరిగింది.

పదకొండు గంటలకు కమాండ్ ఇచ్చాను. సెకన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ముప్ఫై నాలుగో సెకనుకు సెన్సార్లన్నీ తెర మీదికి వచ్చాయి. భాస్కరరావు గారు టీ తెప్పించారు. బయట మబ్బు బాగా పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో గాలి పడిపోతుంది. కానీ ఏరియేటర్లు చక్కగా తిరుగుతున్నాయి.

టీ సగం తాగానో లేదో, స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తెర మీద సెన్సార్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తర్వాత బయట చప్పుడు తగ్గింది. ముందు దూరపు చెరువుల్లో, ఆ తర్వాత దగ్గరివాటిలో. పొద్దుటి నుంచి చెవుల్లో హోరెత్తిన చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కొంగల అరుపులు వినిపించాయి. అంత భయం నేను జీవితంలో ఎప్పుడూ పడలేదు.

భాస్కరరావు గారు గ్లాసు కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీద పరుగెత్తారు. ఒక్కో చెరువు దగ్గరా ఆగి ఏరియేటర్లను చేత్తో వేసుకుంటూ పోవాలి. అరవై ఏళ్ల మనిషి, పన్నెండు చెరువులు.

నా కమాండే తప్పయిందనుకుని వెనక్కి తిప్పబోయాను. స్విచ్ పలకలేదు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఈలోగా ఫోన్ మోగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారి తీసి కసిరాను. అవతల తొమ్మిదో చెరువు సూపర్వైజర్ సూరిబాబు, నెమ్మదైన మనిషి.

"ఏవండీ, ఇక్కడ పెట్టెలో నారింజ లైటు వచ్చిందండి. మీరు చెప్పినట్టే ఆ వైరు తీసి పక్కనున్న కెమెరా పెట్టెలో పెట్టానండి. ఇప్పుడు పచ్చగా ఉందండి. కానీ ఏరియేటర్లు ఆగాయేంటండీ?"

జరిగిందేమిటో అప్పుడు అర్థమయింది. రూట్ మారితే మూసి ఉంచే వైరు కూడా మారుతుంది. ఈసారి తొమ్మిదో చెరువు దగ్గర వైరు మూతపడి నారింజ లైటు వెలిగింది. కెమెరాల చిన్న స్విచ్ కూడా అదే నెట్‌వర్కులో ఉంది గాని, దానికి ఈ ఏర్పాటేమీ తెలియదు. అందులో వైరు పెట్టగానే వలయం బార్లా తెరుచుకుంది.

"పీకెయ్యండి సూరిబాబు గారూ! ఆ వైరు పీకెయ్యండి!"

"ఆయ్, పీకేశానండి."

లైట్లు నెమ్మదించాయి. ఒక చెరువు చప్పుడు, తర్వాత ఇంకొకటి.

తొమ్మిదో చెరువుకు వెళ్లేసరికి గాలి చాలక గట్టు వారన రొయ్య పైకి వచ్చి తిరుగుతోంది. భాస్కరరావు గారు మోకాళ్ల మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు. గంట గడిచాక చెక్ ట్రే, అంటే మేత తిన్నదీ లేనిదీ చూసే వల పళ్లెం, పైకి లాగారు. రొయ్యలు టపటపా ఎగిరాయి. ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను అటు తిరిగి నా కళ్లు తుడుచుకున్నాను.

సూరిబాబు పెట్టె తలుపు తీసి చూపించాడు. లోపల మూడేళ్ల నాటి చీటీ, నా చేతిరాత. "పచ్చ లైటు మంచిది. ఇంకే రంగున్నా వైరు తీసి పక్కదాంట్లో పెట్టండి." ఊరికే ఫోన్లు చేయకుండా ఉంటారని రాసి అతికించాను. దసరాకు పెట్టెకు బొట్లు పెట్టినా ఆ చీటీ మీద పడకుండా చూసుకునేవాడట.

"మరి ఇప్పుడు నారింజ మంచిదాండి?"

"మంచిదేనండీ. ఆ వైరు కాపలా ఉంది. అవతలిది తెగితే అది లేస్తుంది."

"అయితే అది కూడా రాసివ్వండి."

పెన్ను తీశాను గాని రాయబుద్ధి కాలేదు. గట్టు మీదే కూర్చోబెట్టి వలయమంటే ఏమిటో, రూట్ అంటే ఏమిటో మొత్తం చెప్పాను. సగం చెప్పి వదిలేయడం నా బద్ధకం. దాన్ని నమ్ముకున్న మనిషి తప్పేమీ లేదు. అంతా విని, కొత్త చీటీ అతనే రాసుకున్నాడు.

మొదటి లైను: "అర్థం కాకపోతే ముట్టుకోవద్దు, ముందు ఫోన్ చెయ్యాలి."

రెండో లైను: "మూర్తి గారు పని చేస్తుంటే ఏరియేటర్లన్నీ హ్యాండ్‌లో పెట్టాలి."