గడ్డి మిషను నా చేతికొచ్చిన ఆదివారం

పోయిన వారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్ళు గడ్డి కోసే మిషను ఒకటి కొన్నారు. మద్దిలపాలెంలో మా బిల్డింగు ముందున్న గడ్డి మొత్తం కలిపి నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. దానికి పెట్రోలు మిషను! అది మోగడం మొదలవగానే మా పదకొండేళ్ళవాడు బాల్కనీ లోంచి ఒంగి చూసి, తానూ కోస్తానని పేచీ పెట్టాడు. మావారు చదువుతున్న పేపరు మడిచి, "ఎన్నేళ్ళొస్తే ఇవ్వచ్చంటావ్?" అని నన్నడిగారు, ఆ వయసేదో మందు సీసా మీద రాసి ఉంటుందన్నట్టు. పచ్చిగడ్డి వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. నేను పప్పుకి పోపు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తొంభైల్లో మేం ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్నది తణుకు దగ్గర పల్లెటూరు. ప్లాంటులో మిషన్లు బాగుచేసే విభాగంలో ఉద్యోగం వచ్చాక, అక్కడి నల్లరేగడి వదిలి ఇక్కడి ఎర్ర కంకర నేలకి వచ్చిపడ్డారు. ఆ కంకర మీద పచ్చదనం చూడకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. కూర్మన్నపాలెం అవతల ఒక నర్సరీ నుంచి గడ్డి పలకలు స్కూటరు మీద తెచ్చి, తడిగోనె కప్పి, క్వార్టరు ముందు లాన్ పరిచారు. దాని మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే, తన వీపు తొక్కినట్టు ముఖం పెట్టేవారు. సాయంత్రమయ్యేసరికి గడ్డి మీద సన్నటి నల్లదుమ్ము పడేది. పైపుతో నీళ్ళు కొడుతుంటే వచ్చే ఆ ఇనుము వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

గడ్డి కోయడానికి ఒక మిషను తయారైంది. కొన్నది కాదు, తయారైందే. పక్క క్వార్టరులో ఉండే మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు కాదు, నాన్నని బావా అని పిలుస్తాడు గనక మాకు మావయ్య, ఒక పాత నీళ్ళ పంపు మోటారు తెచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఇనప రేకు మీద బిగించి, కింద బ్లేడు, నాలుగు మూలలా నా చిన్నప్పటి సైకిలు చక్రాలు, వెనక పట్టుకోవడానికి గొట్టం పెట్టారు. వరండా గోడకి దానికోసమే ఒక చిన్న బోర్డు: ఒక స్విచ్చు, ఒక ప్లగ్గు, ఒక పింగాణీ ఫ్యూజు. మొదటిసారి నడిపినప్పుడు అది చేసిన చప్పుడుకి వీధిలో కుక్కలు రెండు రోజులు మా వైపు రాలేదు. నాకు మాత్రం దాన్ని తొయ్యడం కంటే గొప్ప పని లోకంలో మరొకటి ఉంటుందనిపించలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

నాన్న కాదనలేదు. కాదనడం ఆయన పద్ధతి కాదు. షరతులు పెట్టేవారు. గొట్టం నా మోచేతికి అందాలన్నారు. నెలకోసారి దాని పక్కన నిలబడి కొలుచుకునేదాన్ని. అందింది. కాళ్ళకి బూట్లుండాలన్నారు. ఆయన పాత సేఫ్టీ బూట్లలో పేపర్లు కుక్కి, బాతులా నడిచి చూపించాను. మిషను గురించి ప్రశ్నలడుగుతానన్నారు. అడిగారు, చెప్పాను. ఇంకో ఏడాది పోవాలన్నారు. మావయ్య మా రెండిళ్ళ మధ్య ఉన్న కంచె మీదుగా ఇదంతా వింటూ నవ్వేవాడు. ఆయనది ఎలమంచిలి దగ్గర చెరకు పండే ఊరు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. "నానూ దీనంత ఉన్నప్పుడే గానుగ కాడ సెరుకు అందించినాను బావా. సూడు, ఏటి మిగిలిందో," అని ఆ సగం వేలు ఆడించి చూపించేవాడు. అది నాకు అనుకూలమో ప్రతికూలమో అర్థమయ్యేది కాదు.

నాకు పదకొండేళ్ళొచ్చాక, చివరి షరతు ప్లాంటు నుంచి వచ్చింది. అక్కడ ఏ మిషను మీద చెయ్యి పెట్టాలన్నా ముందు దాని కరెంటు తీయించాలి. తీసిన ఫ్యూజు, లోపలికి దిగే మనిషి జేబులో ఉండాలి. అతను బయటికొచ్చి తన చేత్తో తాను పెట్టేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు, ఆఫీసరైనా సరే. ఈ సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేర్పేది మా నాన్నే. ఇంట్లోనూ అదే నేర్పారు. బ్లేడులో గడ్డి ఇరుక్కున్నా, మిషను దానంతటదే ఆగినా, స్విచ్చు ఆపాలి, ఫ్యూజు పీకాలి, జేబులో వేసుకోవాలి, ఆ తరవాతే ముట్టుకోవాలి. "స్విచ్చు ఎవరైనా వేసేస్తారమ్మా. జేబులోది ఎవరూ వెయ్యలేరు," అనేవారు. చిక్కల్లా ఒక్కటే: నా గౌన్లకి జేబుల్లేవు. అప్పటిదాకా ఈ విషయంలో నోరు మెదపని అమ్మ, ఒక మధ్యాహ్నం కుట్టు మిషను ముందు కూర్చుని, నా నీలం గౌనుకి పెద్ద జేబు కుట్టేసింది. పాత లంగా గుడ్డది, ఎర్రది, ఎక్కడున్నా కనిపించేది. నాన్న దాన్ని చూసి, ఇంకే షరతూ దొరక్క, "సరే, ఆదివారం," అన్నారు.

ఆ ఆదివారమే టౌన్‌షిప్‌లో ఇళ్ళ ముందు తోటలు చూడడానికి పోటీ వాళ్ళు వచ్చే రోజు. గెలిస్తే ఒక స్టీలు జగ్గు. నాన్నకి ఆ జగ్గు మీద ఉన్న ఆశ చూసినవాళ్ళు, మా ఇంట్లో మంచినీళ్ళు దోసిళ్ళతో తాగుతామనుకునేవారు. నైట్ షిఫ్టు నుంచి వచ్చి, నిద్రపోకుండా వరండాలో కుర్చీ వేసుకుని నన్ను కాపలా కాశారు. నేను మిషను తోశాను. గొట్టం వణుకు భుజాల దాకా పాకింది. కోసిన గడ్డి బూట్ల మీద పడుతోంది. సగం లాన్ అయ్యేసరికి ఈ పని పెద్ద విసుగు పనని నాకు తెలిసిపోయింది, కానీ ఆ మాట ప్రాణం పోయినా పైకి అనను. అంతలో బ్లేడు తడిగడ్డిలో మూలిగింది, ఆ వెంటనే కరెంటు పోయింది. వంటింట్లో పచ్చడి రుబ్బుతున్న మిక్సీ కూడా ఆగిపోయింది. నాన్న కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. నేను వరండా ఎక్కి, ఫ్యూజు పీకి, జేబులో వేసుకున్నాను. తెలివితో చేసిన పనేం కాదు. కొత్త జేబు కుట్టించుకున్నాక అందులో ఏదో ఒకటి వెయ్యాలని పొద్దున్నుంచీ ఉబలాటం. ఆ ఉబలాటంలో స్విచ్చు ఆపడం మర్చేపోయాను. ఇంటి పక్కనున్న కుళాయి దగ్గరికి నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి నాన్న లేచి ఉన్నారు. టైము పదిన్నర, పోటీ వాళ్ళు ఏ క్షణాన్నైనా వస్తారు, లాన్ సగమే అయింది. లోపల్నుంచి అమ్మ "కరెంటు పోయిందండీ," అని కేక వేసింది. ఆయన బోర్డు వైపు చూడనైనా చూడలేదు. కరెంటు లేనప్పుడు మిషనేం చేస్తుందని అందరం అనుకుంటాం. మోకాళ్ళ మీద కూర్చుని, మిషను పక్కకి వంచి, కుడిచెయ్యి కిందకి పోనిచ్చి గడ్డి పీకుతున్నారు. నేను ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగా వంటింట్లో మిక్సీ ఒక్కసారిగా గర్రుమంది.

నాన్న కదలలేదు. చెయ్యి బ్లేడు దగ్గరే ఉండిపోయింది. మిక్సీ మోగుతూనే ఉంది, వరండాలో ఫ్యాను తిరుగుతోంది, మిషను మాత్రం ఊరుకుంది. ఆయన మెల్లగా తల తిప్పి బోర్డు చూశారు. స్విచ్చు వేసే ఉంది. దాని పక్కన ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. అప్పుడు చెయ్యి బయటికి తీసుకుని, వేళ్ళు మడిచి, చాచి చూసుకుని, ఆ తడిగడ్డి మీద అలాగే కూలబడ్డారు. నాకు మాత్రం తప్పు దొరికిపోయిందన్న ఒక్కటే భయం. మళ్ళీ ఏడాది ఆగమంటారని ఏడుపొచ్చేసి, "స్విచ్చు మర్చిపోయాను నాన్నా," అన్నాను.

"ఫ్యూజు ఎక్కడుందమ్మా?" అన్నారు.

ఎర్ర జేబులోంచి తీసి చాచాను. ఆయన తీసుకోలేదు. లేచి, నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళి, అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నేను బయటికొచ్చేశాను. ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకుని, నువ్వే పెట్టు. నువ్వు పెట్టేదాకా ఎవరం రాం," అన్నారు. ప్లాంటులో తన పైవాళ్ళతో మాట్లాడే గొంతు అది. నేను కళ్ళు తుడుచుకుని అటూ ఇటూ చూశాను. నాన్న గేటు దగ్గర. అమ్మ కిటికీలో, చేతికి పచ్చడి. మావయ్య కంచె అవతల. ముందు స్విచ్చు ఆపాను, తరవాత ఫ్యూజు పెట్టాను, ఆ తరవాత మళ్ళీ స్విచ్చు వేశాను. ఎందుకో చాలా నెమ్మదిగా చేశాను. అంతసేపూ ఎవరూ తొందరపెట్టలేదు.

పోటీ వాళ్ళు వచ్చేసరికి లాన్ మూడొంతులే అయింది. ఆ మిగిలిన వంతు కావాలని వదిలారా అని వాళ్ళలో ఒకాయన మర్యాదగా అడిగాడు. జగ్గు వేరే వీధికి వెళ్ళింది. వేరే రోజైతే మావయ్య నాన్నని ఆటపట్టించడానికి దీన్ని వారం రోజులు వాడుకునేవాడు. ఆ రోజు మాత్రం వాళ్ళు వెళ్ళాక మా వరండా మెట్ల మీదకొచ్చి కూర్చుని, "నా ఏలు పోయిన్రోజు మా అయ్య పక్కనే ఉన్నాడు బావా. ఎడ్లని ఆపీసరికే ఆలస్యమైపోనాది. సచ్చీదాకా అదే అనుకున్నాడు," అన్నాడు. నాన్న తన కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, లోపలికి వెళ్ళి పడుకున్నారు. నిద్రపోలేదని అమ్మ తరవాతెప్పుడో చెప్పింది.

ఆ ఏడాది నుంచి లాన్ నా పని. నాన్నకి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. నాకిప్పుడు నలభై ఒకటి. గేటు దగ్గర చేతులు కట్టుకుని, పదకొండేళ్ళ పిల్ల అనుమతి కోసం నిలబడ్డ ఆ మనిషి నాకు చాలాకాలం పెద్దాయనగానే గుర్తున్నారు. చేతులు ఎందుకు కట్టుకున్నారో ఈ మధ్యే అర్థమైంది. వణుకు నాకు కనపడకూడదని. ఇన్నేళ్ళు గడిచి, ఆయన నాకంటే మూడేళ్ళు చిన్నవాడయ్యాక గానీ ఆ భయపడ్డ కుర్రాణ్ణి దగ్గరికి తీసుకోవాలని నాకు అనిపించలేదు.