టోపీ కుట్టు విప్పిందెవరు?

ఒట్టు పెట్టుకోకూడదంటారు మా చర్చిలో. అయినా పెట్టుకుంటున్నాను. ఇది ఉయ్యూరులో, మా ఇంట్లో, నాకే జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

మా అత్తయ్యకు కుట్టుమిషనంటే ప్రాణం. మధ్యాహ్నం అన్నాలవగానే టకటకమంటూ మొదలుపెట్టేది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరకు పాకం వాసన, మిషన్ నూనె వాసన... కళ్లు మూసుకుంటే ఇప్పటికీ వస్తాయి. ఏది కుట్టినా లోపల గుడ్డ మడిచి వదిలేది. "పిల్లలు ఎదుగుతారు కదమ్మా. కుట్టు విప్పుకుంటే సరిపోద్ది" అనేది. నా కడుపులో బాబుండగానే తెల్ల టోపీ కుట్టింది. "మూడేళ్లదాకా ఇదే వస్తది చూడు" అంది. వాణ్ణి చూడకుండానే పోయింది.

మా బాబు జోయెల్‌కి ఏడాది నిండేసరికి తల బాగా పెద్దదైంది. "మామయ్యగారి పోలిక! పెద్ద తల, పెద్ద తెలివి" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పొద్దున్నే వాంతులైతే పళ్లొస్తున్నాయనుకున్నాం.

ఆ రాత్రి మా ఆయనకు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. గడియ నేనే పెట్టాను. బాబు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. కరెంటు కూడా ఉంది, అదీ చెబుతున్నాను.

టక్... టక్... టక్...

పక్క గదిలో. లేచాను. లైటు వేశాను. ఎవరూ లేరు. మిషన్ కింద పెడల్ మాత్రం... మెల్లగా కదులుతోంది. ఆగింది.

మిషన్ మీద టోపీ. బీరువాలో ఉండాల్సిన టోపీ. కుట్టు విప్పి ఉంది. మడిచిన గుడ్డంతా వదిలేసి ఉంది.

ఎందుకో... తీసుకెళ్లి బాబు తలకు పెట్టాను.

పట్టలేదు.

మూడేళ్లదాకా రావాల్సిన టోపీ ఏడాది పిల్లాడికి పట్టలేదు. అప్పుడే వాడు కళ్లు తెరిచాడు. నల్లగుడ్లు కిందికి దిగిపోయి, పైన తెల్లగా కనబడింది. అప్పుడేసింది నాకు అసలు భయం. అది దెయ్యాల భయం కాదు.

తెల్లారగానే విజయవాడ పరిగెత్తాం. డాక్టరుగారు స్కాన్ చూసి, "మెదడులో గడ్డ ఉందమ్మా. మెదడులో ఊరే నీరు కిందికి దిగే దారికి అడ్డం పడింది. ఆ నీరు లోపలే నిలిచి తల పెరుగుతోంది. ఇంకా ఆలస్యమైతే చాలా కష్టమయ్యేదండీ" అన్నారు. గడ్డ తీశారు. నీరు పొట్టలోకి దిగేలా చర్మం కింద సన్నటి గొట్టం వేశారు. అంతసేపూ నేను బయట ఆ టోపీ పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

"కుట్టు మీరేమైనా విప్పారా?" అని మా ఆయన్ని అడిగాను.

"నేనా? సూదిలో దారం ఎక్కించడమే రాదు నాకు" అన్నారు.

నిద్రమత్తులో నేనే విప్పానా? ఏమో...

జోయెల్ ఇప్పుడు బడికెళ్తున్నాడు. మిషన్ అమ్మేద్దామంటారు మా ఆయన. నేను ఒప్పుకోను. దుమ్ము తుడిచి, నూనె వేసి ఉంచుతాను. కొన్ని రాత్రులు మెలకువ వస్తే చెవులు రిక్కించి పడుకుంటాను... మళ్లీ ఆ చప్పుడు వినబడితే జడుసుకుంటానో, "అత్తయ్యా" అని పిలుస్తానో నాకే తెలియదు.