నీలం వారంలో ఎరుపు

కృష్ణానగర్‌లో నేను అద్దెకున్న ఇంట్లో బాత్రూం ఒక్కటే. అది ఇంటాయనకీ నాకూ ఉమ్మడి. ఆయన రంగుల పని చేసేవారు. సినిమా పాటల్లో డాన్సర్లు కట్టే చీరలూ లంగాలూ ఆయన వాకిట్లోని గంగాళాల్లోనే రంగు మారేవి. నేను జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. తెల్ల కోటు వేసుకుని బయల్దేరేదాన్ని కాబట్టి ఆయన రంగులతో నాకు రోజూ తగువే.

ఒకరోజు పొద్దున బాత్రూం గచ్చు మీద ఎర్రటి నీళ్లు. నాకు కోపం నెత్తికెక్కింది.

"బాబాయిగారూ, రంగు ఇక్కడ పారబోయొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"పారబోయలే బిడ్డా. అది నేను ఒంటికి పోసిందే. ఎర్రరంగు పనిల ఉంటే ఎర్రగనే వస్తది. ఉమ్మినా, చీదినా గంతే. నలభై ఏండ్ల సంది చూస్తున్న."

నేను నమ్మాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషిని, రక్తాన్ని రంగనుకుని రెండు బకెట్ల నీళ్లు కొట్టి డ్యూటీకి పోయాను. నొప్పి ఉందా అని కూడా అడగలేదు. అడిగినా లేదనేవారే. ఆ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు.

రెండు వారాలకి మళ్లీ అదే గచ్చు, అదే ఎరుపు. గొంతు పెంచబోయి ఆగిపోయాను. వాకిలంతా తాళ్ల మీద నీలం చీరలు ఆరుతున్నాయి. ఆయన చేతులు మోచేతుల దాకా నీలం.

"ఈమధ్య ఎర్రరంగు ముట్టారా బాబాయిగారూ?"

"లేదు బిడ్డా. పది రోజుల సంది నీలమే."

అని, తన చేతుల వంక తనే చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆ రోజే ఆయన మూత్రం సీసాలో పట్టించి ల్యాబ్‌కి తీసుకెళ్లాను. మూత్రాశయం లోపలి పొరలోంచి రాలే మంచి కణాలు వెడల్పుగా, పల్చగా, పెనం మీద దోసెల్లా పరుచుకుని ఉంటాయి. ఆయనవి గుంపులు కట్టి, కేంద్రకాలు నల్లగా ఉబ్బి ఉన్నాయి. మా ల్యాబ్ డాక్టరు గారు చూసి, క్యాన్సర్ కణాలే అన్నారు. పాత రంగుల్లోని కొన్ని రసాయనాలు ఊపిరిలోంచీ చర్మంలోంచీ ఒంట్లోకి పోతాయనీ, మూత్రపిండాలు వాటిని వడకట్టి కిందికి పంపుతాయనీ చెప్పారు. గంగాళం వదిలి లేవలేక రంగుల పనివాళ్లు గంటల తరబడి బిగపట్టుకుంటారు. అన్నేళ్లూ ఆ నీళ్లు లోపలి పొరకి తగులుతూనే ఉంటాయి. దానికి తోడు బీడీ.

"ఇది బయటపడ్డానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుందమ్మా. వెనకటి మనుషులు అంతదాకా ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు ఉంటున్నారు, మనం చూస్తున్నాం," అన్నారాయన.

మా వాకిట్లో నిజంగానే ముసలివాళ్లే మిగిలారు. పని నేర్చిన కుర్రవాళ్లు టోలిచౌకి ఏజెంట్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కరే దుబాయ్‌కీ సౌదీకీ వెళ్లిపోయారు. ఉన్నది ఇంటాయనా, మరో ఇద్దరూ. ముగ్గురూ అరవై దాటినవాళ్లే.

గడ్డ కండరంలోకి దిగి ఉంటే మూత్రాశయం తీసేసి పొట్టకి సంచి తగిలించాలన్నారు ఆసుపత్రిలో. "సంచి పెట్టుకొని గంగాళం మీదికెట్ల వంగుడు బిడ్డా?" అని ఒక్కటే అడిగారు. గొట్టం పంపి గడ్డని గీకి తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. చివరికి గడ్డ పైపొరలోనే ఉందని తేలింది. మూత్రాశయం తీయక్కర్లేదన్నారు. ఆ సాయంత్రం వీధంతా నేనే మిఠాయి పంచాను.

మళ్లీ మొలవకుండా, క్షయకి వేసే టీకామందునే మూత్రాశయంలోకి ఎక్కించారు. ఆ మందులోని నీరసపు క్రిముల్ని చూసి ఒంట్లోని కాపలా కణాలు లేస్తాయి, దారి తప్పిన కణాల్ని కూడా కలిపి కొడతాయి. రెండు గంటలు ఆపుకుని, పావుగంటకోసారి పక్క మారాలి. నర్సమ్మ చెప్పబోతే ఆయన అడ్డం వచ్చారు.

"మందు పట్టాలంటే తిరగేస్తుండాలె గదమ్మా. నలభై ఏండ్లు బట్టల్ని తిరగేసిన, నాకు చెప్తవా?"

గడియారం వైపు చూడకుండానే వేళ తప్పకుండా తిరిగారు.

మిగతా ఇద్దర్నీ నేను వదల్లేదు. సీసాలు పట్టుకుని వాకిట్లో నిలబడితే, ఈ పిల్లకి వేరే పనేం లేదా అని సణుక్కుంటూనే ఇచ్చారు. ఇద్దరివీ శుభ్రంగా ఉన్నాయి. ముగ్గురికీ రబ్బరు తొడుగులు తెచ్చిపెట్టాను. బీడీ మానమన్నందుకు ఇంటాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు, కానీ మానేశారు.

మూడు నెలలకోసారి పరీక్ష, తర్వాత ఆరు నెలలకోసారి. ఐదో ఏడు నా మైక్రోస్కోపు కింద దోసెలు తప్ప మరేం లేవు. గొట్టంతో చూసిన డాక్టరూ ఏమీ లేదన్నారు, ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు.

మర్నాడు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఇంటాయన సీసాతో ఎదురొచ్చారు.

"ఈ ఏటి పరీక్షలు అయిపోయాయి కదండీ బాబాయిగారూ?"

ఆయన సినిమావాళ్లకి కొత్త రంగు చూపించేటప్పుడు చేసినట్టే, గోడ మీద తెల్లగుడ్డ పరిచి, దాని ముందు ఎండకి సీసా ఎత్తి పట్టుకున్నారు.

"ఇన్నేండ్ల సంది రంగులు తీస్తున్న. గింత మంచి రంగు ఎన్నడన్న తీసిన్నా బిడ్డా?"

"లేదు బాబాయిగారూ," అన్నాను.