బావి అడుగున చప్పుడు

నిన్న కోలారు ఈతకొలనులో పిల్లలు వెల్లకిలా ఈదడం చూశాను. ఒక పాప మాటిమాటికీ తల పైకెత్తుతోంది. ఎత్తినప్పుడల్లా నడుము మునిగిపోతోంది. ఏడేళ్లప్పుడు నేనూ అంతే.

నాన్న కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసేవారు. ఆదివారం చర్చి అయ్యాక అన్ననూ నన్నూ బేతమంగళలో మామ తోట బావికి తీసుకెళ్లేవారు. వెల్లకిలా ఈది అవతలి గోడ తాకితేనే నా నడుముకు కట్టిన తాడు విప్పుతానన్నారు.

"తాడు కట్టిన దూడ వచ్చె, జరగండప్పా!" అని అన్న వెక్కిరించేవాడు.

చెవులు మునగగానే నాకు దబ్ దబ్‌మని చప్పుడు వినబడేది. గనిలో రాయి పేల్చినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు అదిరేవి. ఆ పేలుళ్లే బావి కిందికి వచ్చాయనుకుని తల ఎత్తేసేదాన్ని.

"యాలమ్మా తల ఎత్తేది?" అని ఒక ఆదివారం నాన్న అడిగారు.

"కింద పేలుస్తా ఉండారు నాయనా. బావి కూలిపోతాది."

నాన్న నవ్వలేదు. నా పక్కనే వెల్లకిలా తేలి, చెవులు ముంచి విన్నారు.

"నాకూ వినిపిస్తా ఉండాది. ఈ పొద్దు ఆదివారం, పేల్చేవాళ్లు యాడుండారు? అది మన గుండెలమ్మా. కొట్టుకోనీ. నువ్వు ఆకాశం చూసి కాళ్లాడించు."

తల వెనక్కి వాల్చాను. నడుము దానంతటదే తేలింది. చప్పుడు వింటూనే కాళ్లాడించాను. వెనక్కి చాచిన చేతికి చల్లటి రాయి తగిలింది.

"తాకేసినా!" నా అరుపుకు బావి అంతా మోగింది.

అన్నే దూకి వచ్చి తాడు విప్పాడు. "ఇంగ నన్ను దాటు, చూస్తాం!"

భయపడకని నాన్న ఒక్కసారీ అనలేదు. ముందు తనూ విన్నారు, అందుకే నమ్మాను. ఆ మధ్యాహ్నం అన్నను రెండుసార్లు దాటాను.