అమ్మ చెప్పిన అధ్యాయం

మా అమ్మ చూపు నీటికాసుల జబ్బుతో పోయింది. ఒక్కసారిగా పోలేదు. మొదట పక్కల నుంచి చీకటి కమ్ముకొచ్చి, మధ్యలో కాస్త వెలుగు మిగిలి, చివరికి అదీ పొగచూరినట్టయిపోయింది. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల, పడుకునే ముందు బైబిలు ఉండాలి ఆవిడకి. బైబిలుకి లోటు రాలేదు. మీట నొక్కితే వాక్యం చదివే చిన్న పెట్టె ఒకటి చర్చి వాళ్ళు తెచ్చిచ్చారు. పేపర్లో ముఖ్యమైనవి బ్యాంకుకి వెళ్ళే ముందు నేను చదివి వినిపించేదాన్ని. నవల ఒక్కటే ఆగిపోయింది. మధ్యాహ్నాలు ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, "కూర్చుంటున్నాను" అనేది.

రాజమండ్రిలో మా ఇంటికీ బ్యాంకుకీ మధ్య దారిలోనే లైబ్రరీ ఉంది. కిందటేడు వానలు మొదలైన రోజుల్లో అక్కడి బోర్డు మీద 'కొత్తగా వచ్చిన ఆడియో పుస్తకాలు' అని సుద్దతో రాసి కనిపించింది. లోపలికి వెళ్ళి చూస్తే, అద్దాల బీరువాలో ఒక అర ఖాళీ చేసి, అరచేతిలో ఇమిడే పెట్టెలు వరసగా పేర్చారు. ఒక్కో దానిలో ఒక్కో పుస్తకం. పేరు రాసిన అట్టముక్క దారంతో కట్టి వేలాడుతోంది. అచ్చం మా ఇంట్లో ఉన్న వాక్యం పెట్టెలాగే ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ చూసి ముచ్చటపడి వెళ్ళిపోతున్నారేగానీ పట్టుకెళ్ళేవాళ్ళు లేరని లైబ్రేరియన్ గారు బాధపడ్డారు. అమ్మ సంగతి చెబితే ఆయనే ఒకటి ఏరి ఇచ్చారు.

అమ్మ మొదటిరోజు వినడం కంటే తప్పులు పట్టడమే ఎక్కువ చేసింది. చదివే అమ్మాయికి 'ణ' పలకడం రాదంది. కామా దగ్గర ఆగదంది. నేను స్నానం చేసి వచ్చేసరికి మాత్రం మాట్లాడటం మానేసి, పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆ మర్నాడు బ్యాంకు నుంచి రాగానే, నేను చెప్పులైనా విప్పకముందే కథ చెప్పడం మొదలుపెట్టింది.

ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ అది. చెల్లెలు మొగుడు పోయాక ఒక రైల్వే స్టేషను బయట ఇడ్లీ కొట్టు పెట్టుకుంటుంది. అక్కకి అది నామోషీ. ఏదో పెళ్ళిలో మాటా మాటా పెరిగి, ఇద్దరూ ఏళ్ళ తరబడి పలకరించుకోరు.

ఈ కథకి నాకంటే శ్రద్ధగా వినే మనిషి ఇంకొకావిడ దొరికింది. మాకు చేపలు తెచ్చే ఆవిడ. గోదావరి ఒడ్డున ఉండే పల్లెకారుల కుటుంబం వాళ్ళది. ఆవిడకి యాభై ఏళ్ళు ఉంటాయి. అమ్మకి బొమ్మిడాయిలంటే ప్రాణం. వాటిని బూడిదా ఉప్పూ వేసి, రాతి మీద రుద్ది రుద్ది జిగురు పోయేదాకా తోమాలి. ఆ పని ఆవిడే మా పెరట్లో కూర్చుని చేసిపెట్టేది. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, ముందురోజు విన్నది చెబుతూ ఉండేది. తోమడం అయిపోయినా ఆవిడ లేచేది కాదు. "తర్వాత ఏమైందండి మేస్టారమ్మ గారూ" అనేది. ఇంకా వినలేదని అమ్మ అంటే, రేపటికి వినేసి ఉంచమని చెప్పి మరీ వెళ్ళేది.

ఆవిడకీ తునిలో ఒక అక్క ఉంది. ఆ సంగతి మాకు ముందునుంచీ తెలుసు. వాళ్ళ తల్లి ఆ అక్క దగ్గరే ఉండి, అక్కడే పోయింది. కబురు ఆలస్యంగా అందింది. ఈవిడ రైలు దిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తల్లి ముఖం చూడలేదు. అప్పటి నుంచీ అక్కతో మాటల్లేవు. కథలో అక్క మాట వచ్చినప్పుడల్లా ఈవిడ ఏదో ఒకటి అనకుండా ఉండేది కాదు.

పెట్టె లైబ్రరీకి తిరిగి ఇచ్చేయాలి కదా అని, ఒక ఆదివారం బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ నేను కూడా చివరిదాకా విన్నాను. అక్కకి జబ్బు చేస్తుంది. చెల్లెలికి తెలుస్తుంది. వెళ్దామా వద్దా అని కొట్టుమిట్టాడి, చివరికి కొట్టు మూసి బయల్దేరుతుంది. ఆవిడ చేరేసరికి అక్క ఉండదు. మిగిలిన బట్టలు ఇస్త్రీ చేయకుండానే మడత పెట్టేశాను. అమ్మ అప్పటికే వినేసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో ఉండగా, పెరట్లో చేపలావిడకి కథ చెబుతున్న అమ్మ గొంతు వినిపిస్తోంది. చెల్లెలు పొద్దున్నే ఇడ్లీలు దించుతోందట. పాసింజరు ఆగిందట. దిగినవాళ్ళలో ఒక ముసలావిడ వచ్చి బల్ల మీద కూర్చుని, రెండిడ్లీలు పెట్టమని అడిగిందట. తల ఎత్తి చూస్తే అక్క అట. పచ్చడి కారంగా ఉందని తిట్టి, ఇంకో రెండు వేయించుకుని తిందట.

నేను గరిట పట్టుకునే గుమ్మం దాకా వచ్చాను. మా అమ్మ పరీక్ష పేపర్లో పిల్లలు ఒక్క వాక్యం సొంతంగా రాసినా, పుస్తకంలో ఉన్నది రాయమని సున్నా చుట్టిన మనిషి.

చేపలావిడ వెళ్ళాక అడిగాను, ఇదేం పనమ్మా అని.

"అక్కకి జబ్బు చేసిందని చెప్పానే. చెప్పగానే రాతి మీద తోముతున్న చప్పుడు ఆగిపోయింది" అంది అమ్మ. "మళ్ళీ మొదలవలేదు. ఇంక ఆ పైది నా నోట రాలేదు."

ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఆవిడ రావడం మానేసింది. వాళ్ళ తోటికోడలు గంప పట్టుకొచ్చి, ఆవిడ తుని వెళ్ళిందండి అని చెప్పింది. అమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ తునిలో మనిషి తలుపు తీయకపోతేనో, నలుగురిలో నానా మాటలూ అంటేనో అని ఒకటే గొణుగుడు. లేని కథ చెప్పి మనిషిని రైలెక్కించాను అనేది. అన్నం సగంలో వదిలేసేది. ప్రార్థన మాత్రం ఎక్కువసేపు చేసేది. పెట్టె గడువు అయిపోతే లైబ్రేరియన్ గారిని అడిగి ఇంకొన్నాళ్ళు ఉంచుకున్నాను.

చేపలావిడ తిరిగొచ్చిన రోజు నాకు సెలవు. ఎప్పటిలాగే పెరట్లో కూర్చుని, బూడిద అడిగి పుచ్చుకుంది. అమ్మ అడగలేక అడిగింది, ఏమైందమ్మా అని.

తను వెళ్ళేసరికి అక్క బట్టలు ఆరేస్తోందట. చూసి, వచ్చావా అందట. కాఫీ ఇచ్చిందట. పిల్లల సంగతులు, రేట్ల సంగతులు మాట్లాడుకున్నారట. తల్లి మాట ఇద్దరూ ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కే ఎత్తింది.

"ఆ రోజు నీకు ఫోను చేస్తే కలవలేదే అందండి. నేను నమ్మలేదు" అంది ఆవిడ. "కానీ ఏం అనలేదండి. అమ్మ ఆఖర్న ఏం తింది, ఏం మాట్లాడింది, అన్నీ చెప్పింది. ఏడ్చుకున్నాం. వచ్చేటప్పుడు, మళ్ళీ ఎప్పుడొస్తావు అనడిగింది."

చేపలు తోమడం అయ్యాక చేతులు కడుక్కుని, ఆ అక్క రైలు దిగి ఇడ్లీలు తిన్న చోటు ఒక్కసారి పెట్టె మీద పెట్టమంది. చదివే అమ్మాయి గొంతులో వినాలని ఉందట.

పెట్టె పాడైందేమో అని నేను అబద్ధం మొదలుపెట్టాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అది పుస్తకంలో లేదమ్మా. నేను కల్పించి చెప్పాను. పుస్తకంలో అక్క చచ్చిపోతుంది."

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత, అదే పెట్టండి అంది. నేను వెతికి పెట్టాను. కొట్టు మూయడం, రైలు, ఆ ఇంటి ముందు జనం, అన్నీ వచ్చాయి. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కదలకుండా చివరిదాకా వింది.

"రాసినాయనకి తొందరెక్కువండి" అంది చివరికి. "రెండ్రోజులు ఆగుంటే ఆవిడే వచ్చేది."

అమ్మ ఆవిడకి క్షమాపణ చెప్పబోయింది. ఆవిడ అదేం పట్టించుకోకుండా ఏదో ఆలోచిస్తూ, "ఇది ముందే చెప్పుంటే భయానికైనా ఆ రోజే రైలెక్కేదాన్నేమోనండి. మీరు చెప్పింది విని నాలుగు రోజులు చూశాను, మా అక్కే వస్తుందేమోనని" అంది.

అమ్మ చాలాసేపు దాని గురించే అనుకుంటూ ఉండిపోయింది. రాసినాయన తెలిసే అలా రాశాడేమో, వింటే జనం ఆలస్యం చేయరని, అంది నాతో. నేను మాత్రం, అబద్ధం చెప్పినందుకు కాదుగానీ, ఆవిడ నాలుగు రోజులు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నందుకు మా అమ్మ బాధపడుతోందని గ్రహించాను.

పెట్టె ఇచ్చేసి ఇంకోటి తెచ్చాను. లైబ్రేరియన్ గారికి ఈ కథంతా చెబితే, ఆయన సీటులోంచి లేచి కొత్త పెట్టెలన్నీ నా ముందు పెట్టారు. చేపలావిడ ఇప్పుడు చెబితే వినదు, నేరుగానే వింటానంటుంది. ఆదివారం అమ్మ చర్చి నుంచి రాగానే వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంటుంది. పెట్టె మధ్యలో ఆపించి, ఇప్పుడేం జరుగుతుందో నువ్వు చెప్పు అని అమ్మ అడుగుతుంది. ఆవిడ చెబుతుంది. అలా ఎందుకు జరుగుతుందని అమ్మ నిలదీస్తుంది. వాళ్ళ వాదన తేలేదాకా పెట్టె అలా ఆగే ఉంటుంది. లోపలి నుంచి నేను వింటూ ఉంటాను. పెట్టె మళ్ళీ మొదలయ్యాక చాలాసార్లు ఇద్దరి మాటా నెగ్గదు.