కాక పెదవుల మీది వెలుగు

మా కాక పోయాడని పోయిన నెల మంచిర్యాల నుంచి కబురొచ్చింది. బాపుకు, అంటే మా నాన్నకు, తమ్ముడు; అక్కడి బజారులో గడియారాలు బాగుచేసేవాడు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో దిగినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, చీకట్లో మీకు టైము చూపించిన ముళ్లకు రేడియం రంగు పూసింది ఆయనే కావచ్చు.

మాది మగ్గం నేసే ఇల్లు. పోగు తెగితే కొసను నోటితో తడిపి పేనడం మాకు నడకతోపాటే వస్తుంది. కాక మగ్గం వదిలాడు గానీ ఆ అలవాటు వదల్లేదు. సన్నటి కుంచెను పెదవుల మధ్య పెట్టి మొన తేల్చి, రంగులో ముంచి అంకెలు దిద్దేవాడు. మళ్లీ నోట్లో పెట్టేవాడు.

"నోట్ల తడిపితేనే ఏదైనా మన మాట వింటది," అనేవాడు.

రంగు వెలుగుతుందో లేదో చూడటానికి మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకునేవాడు. పిల్లలం మేమూ దూరేవాళ్లం. ఆ చీకట్లో గడియారంతో పాటు ఆయన పెదవులూ మెరిసేవి. మేం పడీపడీ నవ్వితే, "మీ చిన్నమ్మకు చీకట్ల నేను కనబడొద్దా?" అనేవాడు.

నిరుడు చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. మనిషి పాలిపోయాడు. హైదరాబాదుకు తోడు వెళ్లింది నేనే. రక్తానికి క్యాన్సర్ అన్నాడు డాక్టరు. కుంచె సంగతి చెప్తే, అది ఏ రంగని అడిగాడు. రేడియం లోపలికి పోతే ఎముకల్లో కూర్చుంటుందట, రక్తం పుట్టేదీ అక్కడేనట. దానివల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేను గానీ ఆ ప్రమాదమైతే ఉందన్నాడు.

కాక తన గురించి ఒక్క మాటా అడగలేదు. పని ఎక్కువైనప్పుడు చిన్నమ్మ కూడా అంకెలు దిద్దేది. ఆమెదీ నేతింటి నోరే.

"మా ఇంటామె గూడ గట్లనే జేసింది సారూ. ఆమెకేం గాదు గదా?"

చేసింది కొద్దిగానే కాబట్టి ఆశ ఉంది, ఇకనైనా మానమన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే కాక రంగు సీసా ఆమెకు అందకుండా తీయించి, "ఇగ నోట్ల ఏం బెట్టకు. నా మీద ఒట్టు," అన్నాడు. ఆయన చివరి నెలలన్నీ ఆ ఒక్క ఫికరుతోనే గడిచాయి.

దినాలయ్యాక చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. చేతులు ఊరుకోక మొన్న మగ్గం మీద కూర్చుంది. పోగు తెగింది. కొసను పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది.

"ఇది నూలే గదా, చిన్నమ్మా," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి, చెంబుతో నీళ్లు తెమ్మంది. అందులో వేలు ముంచి, ఆ తడివేలితో పోగును మెల్లగా పేనుతూ కూర్చుంది.